తినే వచ్చాను, మీరు కానివ్వండి

ఆ ఎండాకాలం మా అక్క అంపారో జపాను వాళ్ల సినిమాలో వేషం వేసింది. అప్పటినుంచి అమ్మ సంతకు వెళ్లడం మానేసి నన్ను పంపేది. చేపలమ్మే ఆడవాళ్ల నోటికి జడిసే మనిషి కాదు అమ్మ. వాళ్లు ఏమీ అనకుండా తల తిప్పుకుంటారేమోనని జడిసింది. యుద్ధం వచ్చి, జపాను జెండా ఎగిరిన తర్వాత మనీలాలో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

వేషం సంగతి అక్క ఓ మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పింది. భోజనమంటే ఉడకేసిన చిలగడదుంపల మధ్య మెతుకులు వెతుక్కోవడం.

"నన్ను సినిమాలోకి తీసుకున్నారమ్మా. చెల్లి లూమింగ్‌ని కూడా తీసుకుంటారట, బట్టలు కుట్టడానికి, సెట్లో వంట చెయ్యడానికి. బియ్యం ఇస్తారు."

"ఎవరి సినిమా?" అంది అమ్మ.

"ఊళ్లో ఇంకెవరు తీస్తున్నారు?"

"అయితే వాళ్ల ముందు గెంతుతావన్నమాట."

"గెంతేది లేదు. ఓ అమెరికా సిపాయి మా ఇంట్లోకొచ్చి అన్నం గిన్నె ఎత్తుకుపోతాడు. నేను వాడి మొహాన ఉమ్మాలి. అంతే వేషం."

అమ్మ చేతిలో దుంప కంచంలో పడేసింది. "నీ మొగుడు ఏ దేశంవాడో గుర్తుందా?"

"ఉంది."

"ఉండే ఒప్పుకున్నావా? బియ్యం కోసం?"

"బియ్యం కోసమే," అంది అక్క.

ఆ రోజునుంచి అమ్మ అక్కతో మాట్లాడలేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే నాతో చెప్పేది, అక్క ఎదురుగానే. "మీ అక్కని ఆ దుప్పటి... కాదు, ఆ గౌను ఎండలోంచి తియ్యమను" అని మాట తడబడినా సరే, నా ద్వారానే తడబడేది.

అక్క మొగుడు హోమర్ బావ అమెరికా సైన్యంలో లారీలు బాగుచేసేవాడు. అంతకుముందు ఏడాది బాటాన్ యుద్ధంలో జపాను వాళ్లకి పట్టుబడ్డాడు. ఉత్తరాన ఖైదీల శిబిరంలో వేశారని విన్నాం, తర్వాత కబురు లేదు. ఉన్నాడో పోయాడో తెలీదు. పెళ్లి ఫోటో బిస్కెట్ డబ్బాలో పెట్టి పందుల దొడ్డి కింద పాతిపెట్టాం. అక్క నాటకాల్లో పాడే పిల్ల, పెళ్లికి ముందు పేరే పోస్టర్ల మీద ఉండేది, అది కలిసొచ్చింది. ఆమె మొగుడు అమెరికావాడని వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. కానీ చెప్పడానికి ఒక్కడు చాలు, అందరం కోటలోకి పోతాం. నది ఒడ్డున జపాను వాళ్లు జైలు చేసిన ఆ కోటలోకి పోయినవాళ్లు నడిచి బయటికి వచ్చింది నేను చూడలేదు.

అసలు కారణం అక్క నాకొక్కదానికే చెప్పింది, బావి దగ్గర, నీళ్లు తోడే చప్పుడు చాటున.

"సిపాయిల వేషాలకి శిబిరం నుంచి నిజం ఖైదీలనే తెస్తున్నారటే. వందమందిని తెస్తారో ఎంతమందిని తెస్తారో. ఆయన ఉంటే ఉంటాడు. లేకపోతే ఎవర్నైనా అడగొచ్చు."

"అమ్మకి చెప్పక్కా. పాపం, ఎంత ఏడుస్తోందో."

"అమ్మకి సంతోషం వస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. ఏడవనీ."

నిజమే. మా అమ్మ గుండెకీ నోటికీ మధ్య తలుపు లేదు.

తమాషా ఏమిటంటే, హోమర్ బావని వెనకేసుకొచ్చి కూతురితో మాటలు మానేసిన ఈ అమ్మే, ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున ఆయన మొహం చూడనంది. మేం ఎండుచేపలతో అన్నం తింటున్నాం. గుమ్మంలో ఈ కొండంత మనిషి టోపీ పట్టుకుని నిలబడ్డాడు. మా దేశంలో ఎదుట మనిషి ఉండగా పిలవకుండా ముద్ద నోట్లో పెట్టుకోరు. ట్రాములో వేరుశనగలు తింటున్నా పక్కవాడి వైపు పొట్లం చాపుతారు. పిలవడం ఎంత తప్పనిసరో, పిలిపించుకున్నవాడు "తినే వచ్చాను, మీరు కానివ్వండి" అనడం కూడా అంతే తప్పనిసరి. నిజంగా పెట్టాలనుకుంటే మూడుసార్లు పిలుస్తారు, మూడోసారికి కూర్చుంటారు. చంటిపిల్లలకి కూడా తెలుసు. అమ్మ "రా బాబూ, తిందాం" అంది. హోమర్ బావ "థాంక్యూ" అని కూర్చుని నా వాటా చేప తినేశాడు.

"పిలిస్తే కూర్చుంటాడేంటే!" అంది అమ్మ, ఆయన వెళ్లాక. "సిగ్గూ శరం ఉందా ఆ తిండిపోతుకి?"

అక్క ఆయనకి ఎన్నోసార్లు నేర్పింది. తినే వచ్చానని చెప్పాలి అంటే, "కానీ నేను తినలేదుగా" అనేవాడు. "మీ అమ్మకి అబద్ధం ఎందుకు చెప్పాలి?" అనేవాడు. పెళ్లయి కాపురం పెట్టాక కూడా నేర్చుకోలేదు. ఎవరింటికి వెళ్లినా మొదటి పిలుపుకే పీట వాల్చేవాడు. మా చుట్టాలందరికీ ఆయన పేరు తెలీదు, మొదటి పిలుపు అల్లుడనే తెలుసు.

*

సినిమా తీసేచోటు ఊరి బయట, ఎండిపోయిన పొలాల్లో. వెదురుతో ఓ ఇల్లు కట్టారు, ఆకుల కప్పు వేశారు, ఓ పక్క గోడ లేదు. గోడ లేనివైపు కెమెరా. డైరెక్టర్ సెగావా చిన్న మనిషి, మెత్తటి గొంతు, చేతులకి తెల్ల తొడుగులు. మబ్బు కోసం పూట పూటంతా కూర్చునేవాడు. ఆయన ఎవరినీ కొట్టలేదు. కొట్టడానికి వేరే మనుషులున్నారు, తుపాకులతో చుట్టూ నిలబడి.

సెగావాకి మా భాష రాదు. ఆయనకీ మాకూ మధ్య ఒతాని ఉన్నాడు. ఒతాని కూడా జపాను వాడే, కానీ మాకు కొత్త కాదు. నా చిన్నప్పటినుంచీ చర్చి పక్కన ఐస్ గీకి అమ్మేవాడు. ఉడకేసిన పెసలు, పాలు, పైన గీకిన ఐస్. ఆదివారం పూజ అయ్యాక పిల్లలందరం ఒతాని మామ కొట్టు ముందే. మా భాష మాలాగే మాట్లాడేవాడు, మా బూతులతో సహా. జపాను సైన్యం దిగిన మర్నాడు చేతికి వాళ్ల గుడ్డపట్టీ కట్టుకుని కనిపించాడు. ఒక్క పూటలో మామ కాస్తా దొర అయిపోయాడు. ఆయన్ని ఏమని పిలవాలో తెలీక మేం పిలవడమే మానేశాం.

మొదటి రోజునే అందరినీ వరసగా నిలబెట్టి ఒతాని చేత చెప్పించారు. ఖైదీలతో మాట్లాడకూడదు. ఏమీ ఇవ్వకూడదు. వాళ్లు ఏమిచ్చినా తీసుకోకూడదు. రెండో రోజు మా వడ్రంగి ఒకడు ఓ ఖైదీకి సిగరెట్ అందించాడు. అతన్ని లారీ ఎక్కించారు. అతని రంపం సాయంత్రందాకా అక్కడే దుంగలో ఇరుక్కుని ఉంది. తీసి పక్కన పెట్టడానికి కూడా ఎవరికీ చెయ్యి రాలేదు.

నా పని ఖైదీలకి సిపాయి బట్టలు తొడగడం. బట్టలు కొత్తవే, మనుషులే సరిపోలేదు. కొయ్యకి తగిలించినట్టు వేలాడేవి. "గెలిచిన సైన్యంలా కనపడాలి, చచ్చిన సైన్యంలా కాదు" అన్నాడట సెగావా. అందుకని భుజాల దగ్గర, రొమ్ము మీద, తొడల మీద బూరుగు దూది కూరి కుట్టేదాన్ని. బుగ్గలకి రంగు పూసేవాళ్లం. చూస్తుండగానే ఎముకల గూళ్లు బలిసిన సిపాయిలయ్యేవి. ఒక్క మెడకి మాత్రం ఏ దూదీ పెట్టలేం.

మూడో విడత లారీలో వచ్చినవాళ్లకి కొలతలు తీస్తున్నాను. నోట్లో గుండుసూదులు. ఓ పొడుగాటి మనిషి నా ముందుకొచ్చి చేతులు చాపాడు. ముందు చేతులే చూశాను. కుడి బొటనవేలి గోరు రెండుగా చీలి ఉంది, జాకీ జారి పడ్డప్పటి దెబ్బ. ఆ వేలికి కట్టుకట్టింది నేనే. తలెత్తి మొహం చూశాను, ఆ మొహాన్ని బజార్లో చూసుంటే పక్కనుంచి వెళ్లిపోయేదాన్ని.

"లూమింగ్," అన్నాడు, పెదవులు కదపకుండా.

నోట్లో సూదులు లేకపోతే అరిచేసేదాన్ని. పక్కనే కాపలావాడు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నిలబడ్డాడు. నేను వంగి భుజం దగ్గర దూది కూరాను. మామూలు కంటే ఎక్కువ కూరాను, నా చెయ్యి అక్కడే కాసేపు ఉండాలని. భుజం ఎముక నా అరచేతికి గుచ్చుకుంది.

అక్క అద్దం ముందు కూర్చుని ఉంది. వెనక నిలబడి జడ పట్టుకున్నాను.

"అక్కా, ఉన్నాడు."

అద్దంలో అక్క రెప్ప వెయ్యలేదు. "నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడు."

"సరే," అంది. దువ్వెన నా చేతికిచ్చి, "ఆ జడ ఇంకాస్త బిగించు, వదులుగా ఉంది," అంది.

అంతటితో అయిపోయుంటే బాగుండేది. దూరంనుంచి చూసుకునేవాళ్లు, ఉన్నాడన్న మాట పట్టుకుని ఇంటికొచ్చేవాళ్లం. కానీ సెగావాకి అన్నం గిన్నె ఎత్తుకుపోయే సిపాయి కావాలి. ఖైదీలని ఎండలో నిలబెట్టి, వాళ్ల ముందు అటూ ఇటూ నడిచాడు. తెల్ల తొడుగు వేలు చాపాడు.

ఒతాని అక్క దగ్గరికొచ్చాడు. "ఆ పొడుగాటివాణ్ణి ఎంచారు. కొండలా ఉన్నాడు, పక్కన ఇల్లు చిన్నగా కనపడుతుందంటున్నారు. నువ్వు ఉమ్మాల్సింది అతని మీదే."

"అలాగే," అంది అక్క.

ఒతాని పోయాక ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఒంట్లో బాలేదని చెప్పక్కా. కడుపునొప్పని చెప్పు."

"చెప్తే ఏమవుతుంది? ఇంకో ఆడదాన్ని పెడతారు. ఇంకో ఆడది ఆయన మీద ఉమ్ముతుంటే నేను చూడాలా?" అంది. "నేనే ఉమ్ముతా. నాదైతే ఆయనకి తప్పుగా ఉండదు."

కంచాలు ఖాళీగా పెట్టి రెండుసార్లు నటింపజేశారు. బల్ల దగ్గర అక్క, తండ్రి వేషం కట్టిన ముసలి హాస్యనటుడు, ఇద్దరు పిల్లలు. బావ గుమ్మంలోంచి లోపలికొస్తాడు, గిన్నె మీద చెయ్యి వేస్తాడు, అక్క లేచి ఉమ్ముతుంది. రెండుసార్లూ గీత గీసినట్టు చేసింది. ఉత్తినే తుఫుక్కుమంది, మొహంలో పగ, కళ్లలో నిప్పులు. సెగావా తల ఊపాడు. బావ ఆమెని చూడలేదు, ఆమె నెత్తిమీదుగా వెనక తడకని చూశాడు. బతకడం తెలిసినవాళ్లే ఇద్దరూ అనుకున్నాను. నాకు ఊపిరి ఆడింది.

"ఇప్పుడు అన్నం తే," అన్నాడు ఒతాని నాతో. "పొగలు కక్కాలి. కెమెరాలో ఆవిరి కనపడాలంట."

తెల్లటి అన్నం. అంత తెల్లటి అన్నం మా ఇంట్లో ఉడికి ఎన్నాళ్లయిందో. గిన్నె మూత తీసేసరికి కెమెరా దగ్గరివాళ్లు, దీపాలవాళ్లు, ఎండలో కూర్చున్న ఖైదీలు, అందరి ముక్కులూ ఒకేసారి ఇటు తిరిగాయి. ఆ అన్నం ఎవరూ ముట్టకూడదు, అయ్యాక కాపలావాళ్లు పట్టుకుపోతారు. కంచాల్లో వడ్డించి పక్కకి తప్పుకున్నాను. మాటలు తర్వాత వేరే చోట చెప్పించి అతికిస్తారు కాబట్టి అప్పుడు బొమ్మ మాత్రమే. కెమెరా గిర్రుమంది.

అక్క వేళ్లతో ముద్ద కలిపింది. నిజం అన్నం, వేడి అన్నం. ముద్ద నోటిదాకా తీసుకెళ్లింది. గుమ్మంలో నీడ పడింది. ఆమె తలెత్తింది.

లేవలేదు. ఉమ్మలేదు. బల్ల మీద కొంచెం పక్కకి జరిగింది, ఓ మనిషి కూర్చునేంత. ముద్ద ఉన్న చెయ్యి కంచం వైపు తిప్పి, "రా, తిందాం," అంది.

మా భాషలో అంది. మామూలు గొంతుతో, మామూలుగా అన్నట్టే అంది. ముసలి హాస్యనటుడి చెయ్యి గాలిలో ఆగిపోయింది. దీపం పట్టుకున్న కుర్రాళ్లు నేలకేసి చూశారు. మావాళ్లందరికీ వినపడింది.

బావ గుమ్మంలో నిలబడి అన్నం కేసి చూశాడు. ఆవిరి ఆయన మొహం దాకా వస్తోంది. ఆయన గొంతు ముడి పైకి వెళ్లి కిందికి దిగింది. తర్వాత అక్కని చూశాడు, ఆ రోజు మొదటిసారి.

"తినే వచ్చాను," అన్నాడు మా భాషలో, ఆ వంకర యాసతోనే. "మీరు కానివ్వండి."

కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

*

సెగావా చెయ్యెత్తాడు. గిర్రుమనడం ఆగింది. లేచి నెమ్మదిగా ఇంటి దగ్గరికి నడిచి, అక్క మొహంలోకి చూశాడు, బావ మొహంలోకి చూశాడు. ఒతాని వైపు తిరిగి ఏదో అడిగాడు. కాపలావాడు పళ్లు కుట్టుకోవడం మానేశాడు.

ఒతాని జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. తర్వాత జపాను భాషలో నాలుగు ముక్కలు అన్నాడు. సెగావా ఇంకేదో అడిగాడు. ఒతాని ఇంకో ముక్క అన్నాడు. నాకు ఆ భాష రాదు, ఆయన మొహమే చూస్తున్నాను. ఐస్ అయిపోయింది రేపు రండి అని పిల్లలకి చెప్పే మొహం పెట్టుకున్నాడు.

సెగావా బావని మళ్లీ ఓసారి చూసి, వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"ఉమ్మడం మర్చిపోయావు," అన్నాడు ఒతాని అక్కతో. "మళ్లీ తీస్తారు. ఈసారి ఉమ్ము. గట్టిగా ఉమ్ము."

ఆఖరి మాట పళ్లు బిగించి అన్నాడు.

రెండోసారి ఉమ్మింది. చెంప మీద పడింది. బావ కళ్లు మూసుకున్నాడు, తుడుచుకోలేదు. సెగావా సంతోషించాడు. గిన్నెలో అన్నం కాపలావాళ్లు ఎత్తుకుపోయారు, అడుగంటిన మాడు మాత్రం వాళ్లకి అక్కర్లేకపోయింది. గిన్నె గోకి ఆ మాడంతా ఉండ చేసి, సాయంత్రం సిపాయి బట్టలు విప్పించి దూది లాగేటప్పుడు, బావ సొంత చొక్కా మడతలో దోపాను. నేను పిలవలేదు. ఆయన వద్దనలేదు.

ఇంటికొచ్చే దారిలో నేను అక్కని తిట్టిపోశాను. "పిచ్చిదానివా? ఎంతసేపు! ఇంకొక్క నిమిషం ఓర్చుకుంటే అయిపోయేది కదా. మొగుణ్ణి చూసేసరికి ఒళ్లు తెలీలేదా?"

"ఆయన అని కాదే," అంది అక్క. "ఒట్టు. ఆ నిమిషంలో ఆయన అని కూడా తెలీలేదు. చేతిలో అన్నం ఉంది, గుమ్మంలోకి మనిషొచ్చాడు. నోరు అదే అనేసింది."

నా నోరైనా అదే అనేది. కొంతదూరం నడిచాక అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ రోడ్డు పక్కన కూర్చుండిపోయింది. "నేర్చుకున్నాడే," అంది. "ఇన్నాళ్లూ చెప్తే రాలేదు. నేర్చుకోవాల్సిన రోజు చూసుకుని నేర్చుకున్నాడు." తర్వాత ఏడ్చింది. నేను ఆమె ముందు అడ్డంగా నిలబడ్డాను, ఎవరికీ కనపడకుండా.

*

ఖైదీలని వెనక్కి పంపేశారు. మేం ఇంట్లో కూర్చుని లారీ చప్పుళ్లు వింటూ బతికాం. వీధి మొదట్లో ఏ బండి ఆగినా అక్క కుట్టుపని పక్కన పెట్టి చెప్పులు వేసుకునేది. పట్టుకుపోతే చెప్పులు వేసుకోనివ్వరట, అందుకని. అమ్మకి ఇదంతా తెలీదు. "మీ అక్క ఎక్కడికి తయారవుతోంది? మళ్లీ వాళ్ల సినిమాకేనా?" అని నన్ను దెప్పేది.

ఓ మధ్యాహ్నం బండి చప్పుడేమీ లేకుండానే ఒతాని వచ్చాడు. మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు, చేతికి ఆ పట్టీతో. మేం ముగ్గురం కంచాల ముందు ఉన్నాం. అక్క కాళ్లు చెప్పుల కోసం తడుముకున్నాయి. నేను కిటికీలోంచి వీధి చూశాను, ఇంకెవరూ లేరు, ఉన్నా కనపడలేదు.

అమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"రండి, తిందాం," అంది. ఆ మాట ఆమె నోట్లోంచి వస్తుంటే అన్నంలో రాయి తగిలిన మొహం పెట్టింది. అయినా వచ్చింది.

ఒతాని టోపీ తీశాడు. "తినే వచ్చానమ్మా, మీరు కానివ్వండి."

అమ్మ రెండోసారి పిలవలేదు.

అక్కా నేనూ ఆయన వెనకే మెట్లు దిగాం. కింద పందుల దొడ్డి పక్కన నిలబడ్డాం, సరిగ్గా ఆ బిస్కెట్ డబ్బా మీద.

"సోమవారం వచ్చి మాటలు చెప్పాలి," అన్నాడు ఒతాని. "డైరెక్టర్ గారు మొదటిసారి తీసిందే ఉంచుతున్నారు. రెండోదాంట్లో ఉమ్మావు గానీ ఆ అమెరికావాడు రాయిలా ఉన్నాడంట. మొదటిదాంట్లో అన్నం కేసి చూసిన చూపుందే, అది ఎవరూ నటించలేరంటున్నారు. నువ్వు ఉమ్మే ముక్క రెండోదాంట్లోంచి కత్తిరించి దాని తర్వాత అతికిస్తారంట."

"మొదటిదా?" అంది అక్క. "మరి నేనన్నది..."

"నువ్వు తిట్టావు. 'దొంగా, మా కంచం ముందునుంచి ఫో' అన్నావు. నేనలాగే చెప్పాను. సోమవారం అదే చెప్పు, మరిచిపోకు."

"ఆయనన్నది?" అన్నాను నేను. "ఆయనేమన్నాడని చెప్పారు, మామా?"

మామ అనే మాట ఎలా వచ్చిందో వచ్చేసింది. ఒతాని నా కేసి చూశాడు. ముసలివాడైపోయాడు ఆ ఏడాదిలో.

"ఆకలేస్తోందన్నాడని చెప్పాను," అన్నాడు. "అది అబద్ధం కాదుగా."

టోపీ పెట్టుకున్నాడు. వెళ్లబోతూ ఆగి, "నా కొట్టుకొచ్చిన ప్రతి పిల్లా చెంచా నోట్లో పెట్టుకోబోతూ గిన్నె నావైపు చాపేది. నువ్వూ చాపావు. తినే వచ్చానమ్మా, మీరు కానివ్వండి. రోజుకెన్నిసార్లు అనేవాణ్ణో," అన్నాడు. "ఇంక నేను ఇటు రాను. మీరూ నన్ను పలకరించకండి."

*

వానలు మొదలయ్యాక సినిమా వచ్చింది. పేటకింత మందని లెక్కేసి తోలుకెళ్లారు, రానంటే బియ్యం చీటీ చించేస్తారు. మా పేట పెద్దమనిషి గొడుగు ఊపుతూ మమ్మల్ని వరసల్లో కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం ఆట. తలుపుల దగ్గర తుపాకులతో సిపాయిలు. అమ్మ నాకు ఇటుపక్క, అక్క అటుపక్క. అమ్మ తెరకేసి చూడనని ఒళ్లో జపమాల పెట్టుకుని తల వంచుకుంది.

జనం ఆవలించారు, దగ్గారు, గుసగుసలాడారు. తెర మీద వెదురు ఇల్లు వచ్చింది. అక్క వచ్చింది, చేతిలో ముద్దతో. ఆ తెల్లటి అన్నం చూసి హాలంతా ఓ నిట్టూర్పు విడిచింది. అమ్మ కూడా తలెత్తింది.

గుమ్మంలో హోమర్ బావ, గోడంత ఎత్తున.

అమ్మ వేళ్లు నా మణికట్టులోకి దిగిపోయాయి. జపమాల కిందపడింది.

"దొంగా! మా కంచం ముందునుంచి ఫో!" అని అరిచింది హాల్లో అక్క గొంతు. తెర మీద అక్క మాత్రం పక్కకి జరిగింది. ఓ మనిషికి చోటు చేసింది. కంచం కేసి చెయ్యి చూపించింది. హాల్లో దగ్గు ఆగిపోయింది. గుసగుసలు ఆగిపోయాయి. అది ఏమిటో తెలియడానికి అక్కడ ఎవరికీ చెవులు అక్కర్లేదు, పుట్టిన దగ్గరనుంచీ రోజూ చూస్తున్న చెయ్యే అది. సిపాయిల బూట్ల కిర్రు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

బావ పెదవులు కదిలాయి. "ఆకలి! ఇటివ్వు!" అంది ఎవరిదో బొంగురు గొంతు. ఆ పెదవులు అన్న మాట మాత్రం అది కాదు.

అమ్మ లేచి నిలబడింది.

"అబద్ధాలకోరా!" అని అరిచింది. "ఎప్పుడు తిన్నావురా నువ్వు? ఏం తిన్నావు? ఆ మెడేమిటి? ఎవరితోరా నీ అబద్ధాలు, నాతోనా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్క అమ్మ శాలువా అంచు పట్టి లాగింది. అమ్మ కూర్చోలేదు. తెర మీద ఉన్న మనిషికి వేలు చూపిస్తూ దులిపేస్తోంది. పేట పెద్దమనిషి వెనక్కి తిరిగాడు, ఆయన మొహం వెలిగిపోయింది. అమెరికావాణ్ణి నిండు హాల్లో నిలబడి తిట్టే మనిషి తన పేటలోనే ఉంది మరి. చప్పట్లు కొట్టాడు. తలుపు దగ్గర సిపాయి కూడా పళ్లు బయటపెట్టి తల ఊపాడు. వెనక వరసల్లోంచి ఎవరో ముసలావిడ, "అడుగమ్మా, అడుగు, ఎప్పుడు తిన్నాడో అడుగు," అంది, ఆమె గొంతు ఏడుస్తోంది.

అమ్మ కూర్చుంది. తెర మీద అక్క ఉమ్మింది, ఎవరూ చూడలేదు. అమ్మ నా ఒళ్లోంచి చెయ్యి చాపి అక్క చెయ్యి పట్టుకుంది.

"నీకు తెలుసా?" అంది. వేసవి మొదటినుంచీ అక్కతో ఆమె అన్న తొలి మాట అది. "ఇన్నాళ్లూ తెలుసా?"

"తెలుసమ్మా."

"దొంగదానా," అంది అమ్మ, ఆ చెయ్యి వదలకుండా.

వానలో నడిచి ఇంటికొచ్చాం. దారంతా అమ్మ తనలో తను గొణుక్కుంటూనే ఉంది. "అన్నం ఎదురుగా పెట్టుకుని తినే వచ్చానంటాడా! ఎవరు నేర్పారు వాడికి? నేనే. పిలిస్తే కూర్చుంటాడేంటని దెప్పి దెప్పి నేనే నేర్పాను." వీధి మొదట్లో ఆగి, మొహం మీద నీళ్లు తుడుచుకుంది. "ఈసారి రానీ. మూడుసార్లూ లేదు, ఏమీ లేదు. ఒక్కసారే పిలుస్తాను. కూర్చోకపోతే చెవి పట్టుకుని కూర్చోబెడతాను."

హోమర్ బావ రాలేదు. మరుసటి ఏడు ఖైదీలని ఓడల్లో కుక్కి జపానుకి పంపారు, ఆయన ఎక్కిన ఓడ సముద్రంలోనే పోయింది. యుద్ధం చివర్లో ఊరు తగలబడినప్పుడు ఆ సినిమా కూడా పోయిందన్నారు. ఒతాని ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు, అడగడానికి మాకు ధైర్యం లేదు. అక్క పందుల దొడ్డి తవ్వి డబ్బా తీసింది. ఫోటో చెమ్మకి పాడై, ఆయన చేతులు మాత్రం మిగిలాయి.

అమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. తినేటప్పుడు గుమ్మానికి ఎదురుగానే కూర్చునేది. పోస్టుమాను వచ్చినా, అప్పులవాడు వచ్చినా, పిలిచేది ఒక్కసారే. తినే వచ్చామని ఎవరెంత మర్యాదగా చెప్పినా వినిపించుకోకుండా లేచి వెళ్లి కంచం తెచ్చేది.